వసంతం సెలవుల్లో ఒక ఊరు చూసి వద్దాం!

ఫిబ్రవరి నెల వచ్చిందంటే చాలు, మన బడిలో విరామం వేళ పిల్లల మధ్య ఒకటే ప్రశ్న: "స్ప్రింగ్ బ్రేక్‌కి మీరెక్కడికి?" జవాబు కూడా ఏటా దాదాపు ఒకటే: "మేము ఓర్లాండో!" పక్కనుంచి ఇంకొకరు: "మేము కూడా!" నార్త్ కరోలినాలో ఉండే మనబోటి కుటుంబాలకు అది ఒక రోజు కారు ప్రయాణం. మేమూ వెళ్ళాం. గంటల తరబడి వరసల్లో నిలబడ్డాం, పిల్లల కేరింతలు చూసి మురిసిపోయాం. థీమ్ పార్కులు చెడ్డవని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

కిందటి సంవత్సరం నాలుగో స్థాయి తరగతిలో అదే ప్రశ్న వచ్చినప్పుడు ఒక జవాబు మాత్రం వేరుగా వినిపించింది. "మేము ఎక్కడికీ వెళ్ళటం లేదు." ఎందుకని ఎవరూ అడగలేదు. గది కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఆ రోజు మేము చెప్పవలసిన పాఠం సర్వనామాలు. పుస్తకం మూసేసి, బోర్డు మీద రెండే మాటలు రాశాం: మేము, మనం.

ఆ రెండు మాటల దగ్గర మొదలైన పాఠం నాలుగు కుటుంబాలను ఫిలడెల్ఫియా దాకా తీసుకువెళ్ళింది. మా పిల్లలు తెలుగులో ఆలోచించి, తెలుగులో వాదించుకుని, తెలుగులో పద్దు రాసి వేసిన ప్రయాణం అది. మరికొన్ని కుటుంబాలకు పనికివస్తుందని ఆ పాఠాన్ని ఇక్కడ మెట్లు మెట్లుగా రాస్తున్నాం.

మొదటి మెట్టు: మేము, మనం

ఇంగ్లీషులో ఈ రెంటికీ కలిపి ఒకటే మాట. అందుకే మన పిల్లలు తరచు తడబడతారు. "అమ్మా, మేము ఎప్పుడు తింటాం?" అని అమ్మనే అడుగుతారు, అమ్మకి ఆకలి లేనట్టు! సూత్రం చాలా చిన్నది. మన మాట వింటున్న మనిషిని కూడా కలుపుకుంటే "మనం". కలుపుకోకపోతే "మేము".

ఇంటికి చుట్టం వచ్చాడనుకోండి. "మేము భోంచేస్తాం" అంటే ఆయన పాపం కుర్చీలోనే ఉండిపోతాడు. "మనం భోంచేద్దాం" అంటే చేతులు కడుక్కోవడానికి లేస్తాడు. ఒక్క మాటలో ఎంత తేడా ఉందో చూడండి.

ఇంకొక సంగతి. "వెళ్దాం, చూద్దాం, తిందాం" అనే రూపాలు "మనం"తోనే వస్తాయి. "మేము వెళ్దాం" అనకూడదు, "మేము వెళ్తాం" అనాలి. ఎదుటివారిని కలుపుకోకుండా "దాం" అనే అవకాశాన్ని తెలుగు భాష మనకు ఇవ్వలేదు.

ఇంటిపనిగా ఒక ప్రశ్న ఇచ్చాం: "మనం అందరం కలిసి వెళ్ళగలిగిన చోటు ఏది?" మరుసటి ఆదివారానికి పిల్లలు నాలుగు నియమాలు తయారు చేసుకుని వచ్చారు. ఖర్చు అందరికీ అందుబాటులో ఉండాలి. ఇండియా నుంచి వచ్చి ఉన్న తాతయ్య, అమ్మమ్మ నడవగలిగినట్టు ఉండాలి. కారులో ఒక్క రోజులో చేరగలగాలి. ఎవరూ ఇదివరకు బడి యాత్రలో చూసి ఉండకూడదు. చివరి నియమంతో వాషింగ్టన్ ఎగిరిపోయింది. మిగిలినవాటిలో ఫిలడెల్ఫియాకు ఏడు ఓట్లలో అయిదు వచ్చాయి. ఓర్లాండోకే వెళ్దామని చివరిదాకా పట్టుబట్టిన అబ్బాయి ఒకడు ఉన్నాడు. అతని సంగతి ముందు ముందు వస్తుంది.

రెండో మెట్టు: చీటీల పద్ధతి

స్నేహితులతో కలిసి చేసే ప్రయాణాలు చాలావరకు డబ్బు దగ్గరే చెడతాయి. ఒకరికి తేలికైనది ఇంకొకరికి బరువు. ఆ మాట నోటితో చెప్పడం కష్టం. చెప్పలేక "ఈసారి మాకు కుదరదండీ" అని తప్పుకుంటారు. అక్కడితో "మనం" కాస్తా మళ్ళీ "మేము" అయిపోతుంది.

మేము చేసింది ఇది. ఒక ఆదివారం నాలుగు కుటుంబాల పెద్దలం కూర్చుని, ఎవరికి వారు తాము సుఖంగా ఖర్చు పెట్టగలిగిన మొత్తాన్ని ఒక చీటీ మీద రాశాం. పేర్లు రాయలేదు. మడిచి ఒక గిన్నెలో వేశాం. పిల్లలు చీటీలు విప్పి, వాటిలో అన్నిటికంటే చిన్న అంకెను బోర్డు మీద రాశారు: 900 డాలర్లు. అదే ఒక్కో కుటుంబానికి హద్దు. అది ఎవరి చీటీ అని ఎవరూ అడగలేదు, ఈనాటికీ తెలియదు.

తరువాత పిల్లలు పద్దు వేశారు. మూడు రాత్రుల విడిదికి 450, గ్యాసుకూ దారి రుసుములకూ 110, ఊళ్ళో రైలుకు 50, ఆర్ట్ మ్యూజియం టిక్కెట్లకు 60, బయట తిండికి 150, అనుకోని ఖర్చులకు 80. కూడితే సరిగ్గా 900. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ అనే సైన్సు మ్యూజియంలో 1954 నుంచీ ఒక పెద్ద గుండె బొమ్మ ఉంది, దాని లోపలి గదుల్లోంచి నడిచి బయటికి రావచ్చు. పిల్లలందరికీ దాని మీద మనసు పడింది. కాని టిక్కెట్ల ధర కలిపితే పద్దు హద్దు దాటింది. తిండి ఖర్చు తగ్గించి చూశారు, అప్పటికీ సరిపోలేదు. చివరికి చేతులెత్తి ఓటు వేసి గుండెను వదులుకున్నారు. ఆ రోజు వాళ్ళ ముఖాలు చూస్తే మాకే జాలి వేసింది. అయినా మేము కలగజేసుకోలేదు. హద్దు వాళ్ళు గీసుకున్నదే కదా.

విడిది విషయంలో ఒక చిట్కా. ఫిలడెల్ఫియా నడిబొడ్డున గది అద్దె, కారు పెట్టుకునే రుసుము రెండూ ఎక్కువే. అందుకని డెలావేర్ నదికి అవతల, న్యూజెర్సీ వైపు, చిన్న వంటగది ఉన్న హోటల్ గదులు తీసుకున్నాం. అక్కడి నుంచి ప్యాట్కో అనే రైలు బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంతెన మీదుగా నేరుగా ఊరి మధ్యకు వెళ్తుంది. కారు స్టేషన్ దగ్గరే వదిలేశాం. 1926లో ప్రారంభమైన ఆ వంతెన మీద, కింద నది, ఎదురుగా ఊరు కనిపిస్తుంటే పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు.

మూడో మెట్టు: పనుల పంపకం

పెద్దలు ప్రయాణం వేస్తే పిల్లలు వెనకాల నడుస్తారు. "ఇంకెంత దూరం?" అనే ప్రశ్న అక్కడే పుడుతుంది. అందుకని తలా ఒక శాఖ ఇచ్చాం. దిక్కుల మంత్రి, పద్దుల మంత్రి, వేళల మంత్రి, భోజనాల మంత్రి, మంచినీళ్ళ మంత్రి, కథల మంత్రి, చిత్రాల మంత్రి. "కృష్ణదేవరాయలకి అష్టదిగ్గజాలు కదా, మీరు ఏడుగురే ఉన్నారేం?" అన్నారు తాతయ్య. "ఎనిమిదో దిగ్గజం మీరే" అన్నారు పిల్లలు. ఆయన చాలా సంతోషించారు.

వేళల మంత్రి పని అన్నిటికంటే కష్టం. ఇండిపెండెన్స్ హాల్ లోపలికి వెళ్ళాలంటే సంవత్సరంలో ఎక్కువ కాలం ముందుగా వేళ నిర్ణయించిన టిక్కెట్లు కావాలి. టిక్కెట్ ఉచితమే, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఒక్కొక్కదానికి ఒక డాలరు రుసుము. స్ప్రింగ్ బ్రేక్ రోజుల్లో అవి త్వరగా అయిపోతాయి. మా అమ్మాయి నెలన్నర ముందే పదిహేడు మందికీ మధ్యాహ్నం 2:30కి తీసుకుంది. లిబర్టీ బెల్ చూడటానికి టిక్కెట్ అవసరం లేదు, తనిఖీ వరసలో నిలబడితే చాలు.

కథల మంత్రి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి వారానికొక కథ చెప్పాడు. అందరికీ నచ్చినది ఆనందీబాయి జోషీ కథ. మహారాష్ట్రలో పుట్టి, కలకత్తాలో ఓడ ఎక్కి 1883లో అమెరికా వచ్చిన ఆమె, 1886 మార్చిలో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో డాక్టరు పట్టా పుచ్చుకుంది. మరుసటి ఏడాదే, ఇరవై రెండేళ్ళు నిండకుండానే, ఇండియాలో కన్నుమూసింది. "మనకంటే ముందు మనవాళ్ళు ఇక్కడికి వచ్చారన్నమాట" అంది ఒక అమ్మాయి. "మనకంటే ముందు మనవాళ్ళు" అన్న మాటను మేము బోర్డు మీద రాసి ఉంచాం.

నాలుగో మెట్టు: ఊరి పటం

ఫిలడెల్ఫియా తెలుగులో దిక్కులు నేర్పడానికే కట్టారా అనిపించే ఊరు. విలియం పెన్ 1682లో దీనికి పునాది వేశాడు. తూర్పున డెలావేర్ నది, పడమట స్కూల్‌కిల్ నది. వాటి మధ్య చదరంగం బల్లలా గీతలు గీసినట్టు వీధులు. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధులకు అంకెలు పెట్టారు. తూర్పున నది ఒడ్డు దగ్గర మొదలై పడమటికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. తూర్పు పడమరలుగా పోయే వీధుల్లో చాలావాటికి చెట్ల పేర్లు. మార్కెట్ వీధి నుంచి దక్షిణానికి వస్తే చెస్ట్‌నట్, వాల్‌నట్, లోకస్ట్, స్ప్రూస్, పైన్ వరసగా వస్తాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనకు తెలిసిన సామెత. ఇక్కడ చెట్టు పేరు చెప్పి దారి అడుగుతారు!

ఇంటి నంబరు చూసి కూడా ఎక్కడున్నామో చెప్పవచ్చు. వాల్‌నట్ వీధిలో 1300తో మొదలయ్యే ఇళ్ళు పదమూడో వీధి దాటగానే వస్తాయి. ఊరి మధ్య సిటీ హాల్, దాని శిఖరం మీద 37 అడుగుల విలియం పెన్ విగ్రహం. ఆ విగ్రహం టోపీ కంటే ఎత్తయిన కట్టడం కట్టకూడదని ఊరివాళ్ళు ఒక మాట అనుకున్నారు. ఏ చట్టమూ లేకుండానే ఆ మాట 1987 దాకా నిలబడింది. పెన్ ముఖం ఈశాన్యం వైపు ఉంటుందని దిక్కుల మంత్రి చదివి చెప్పాడు. "పెద్దాయనకి వాస్తు తెలుసన్నమాట" అన్నారు తాతయ్య. నిజానికి అక్కడి లెనాపే తెగ ప్రజలతో ఆయన ఒడంబడిక చేసుకున్నారని చెప్పే చోటు అటువైపు ఉంది.

దిక్కుల మంత్రి ఎవరో చెప్పలేదు కదూ? ఓర్లాండోకే వెళ్దామన్న అబ్బాయే. తెలుగు బాగా తక్కువ మాట్లాడేవాడు, "మేము, మనం" తరగతిలో అందరికంటే ఎక్కువ తప్పులు చేసినవాడు. ఎడమ, కుడి అనకుండా తూర్పు, పడమర అని చెప్పాలన్నది అతనికి మేము పెట్టిన షరతు. దాంతో తాతయ్యకూ అతనికీ స్నేహం కుదిరింది. గోదావరి జిల్లా పల్లెలో పెరిగిన ఆయన ఈనాటికీ "మంచినీళ్ళ చెంబు నీకు ఉత్తరంగా ఉంది" అంటారు. వాళ్ళిద్దరూ కలిసి ఒక పెద్ద కాగితం మీద పెన్సిలుతో ఊరి పటం గీశారు.

మొదటి రోజు: గంట దగ్గర అరగంట

మార్చి చివరి వారం. మబ్బు పట్టి, చలిగాలి వీస్తోంది. ఉదయం ఎల్‌ఫ్రెత్స్ ఆలీ చూశాం. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ జనం కాపురం ఉంటున్న సన్నటి సందు అది. ఇప్పటికీ ఇళ్ళల్లో మనుషులు ఉన్నారు కాబట్టి నెమ్మదిగా మాట్లాడుకుంటూ నడిచాం. మధ్యాహ్నం పన్నెండో వీధిలో రీడింగ్ టెర్మినల్ మార్కెట్ చేరాం. పాత రైలు స్టేషన్ కింద 1893లో మొదలైన అంగడి అది. కూరలు, రొట్టెలు, చేపలు, మిఠాయిలు అన్నీ ఒకే కప్పు కింద. పెన్సిల్వేనియా పల్లెల నుంచి వచ్చే ఆమిష్ వర్తకుల దుకాణాలు వారంలో కొన్ని రోజులే ఉంటాయి, చూసుకుని వెళ్ళాలి. వేడివేడి ప్రెట్జెల్స్ కొనుక్కుని, మేము తెచ్చుకున్న పులిహోరతో కలిపి తిన్నాం.

తప్పు జరిగింది అక్కడే. జనం ఎక్కువగా ఉండటంతో రెండు గుంపులుగా బయటికి వచ్చాం. తాతయ్య అవతలి గుంపులో ఉన్నారని ఇవతలివాళ్ళం, ఇవతల ఉన్నారని అవతలివాళ్ళు అనుకున్నారు. ఆరో వీధిలో లిబర్టీ బెల్ దగ్గర తలలు లెక్కపెడితే పదిహేను. తాతయ్యా లేరు, దిక్కుల మంత్రీ లేడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి ఉంటారు. ఆయన ఫోను హోటల్ గదిలోనే ఉంది, అబ్బాయికి ఫోను లేదు. అబ్బాయి తండ్రి మార్కెట్‌కు పరుగెత్తారు. మిగతావాళ్ళం గడియారం చూస్తూ నిలబడ్డాం. ఏడు శాఖలు పంచాం కానీ తలలు లెక్కపెట్టే శాఖ ఎవరికీ ఇవ్వలేదని అప్పుడు తెలిసింది.

ఇరవై నిమిషాల తరువాత ఇద్దరూ మార్కెట్ వీధి వెంట తాపీగా నడుచుకుంటూ వచ్చారు. అబ్బాయి చేతిలో పెన్సిలు పటం. "ఎలా వచ్చావురా?" అంటే చెప్పాడు: "అంకెలు తగ్గితే తూర్పు కదా. పదకొండు, పది, తొమ్మిది. తాతయ్యా, మనం తూర్పుకి వెళ్దాం అన్నాను. వచ్చేశాం." తరువాత మా కంగారు చూసి కాస్త నొచ్చుకుని, "మేము తప్పిపోలేదు ఆంటీ, మీరే తప్పిపోయారు" అన్నాడు.

తాతయ్యతో "మనం", మాతో "మేము". రెండూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఆ నిమిషంలో ఎవరమూ గమనించలేదు. రాత్రి హోటల్లో పెరుగన్నం తింటూ తలుచుకున్నప్పుడు గుర్తుకొచ్చింది.

ఇక గంట సంగతి. 1752లో లండన్ నుంచి వచ్చిన ఈ గంట మొదటిసారి కొట్టి చూడగానే బీటవారింది. ఇద్దరు స్థానిక కంచరులు, పాస్, స్టో అనేవారు 1753లో దాన్ని కరిగించి మళ్ళీ పోతపోశారు. బరువు సుమారు 2,080 పౌండ్లు. ఇప్పుడు కనిపించే పెద్ద పగులు తరువాతి కాలానిది. 1846లో వాషింగ్టన్ పుట్టినరోజుకు మోగించాక అది ఇక మోగకుండా పోయింది. "లిబర్టీ బెల్" అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది 1830లలో బానిసత్వాన్ని ఎదిరించి పోరాడినవాళ్ళు. గంట మీద పెన్సిల్వేనియా పేరు మొదట్లో ఇంగ్లీషు "ఎన్" ఒకటే ఉంది, ఈనాటి లెక్కన ఒకటి తక్కువ. ఆ రోజుల్లో అలా రాయడమూ చెల్లేది. ఒక అమ్మాయి అది చూసి, "మనం తెలుగులో ఒక 'న'తోనే కదా రాస్తాం. గంటకి తెలుగు వచ్చు!" అంది.

"మేము"లో ఎవరెవరు?

గంట ఉన్న భవనం పక్కనే, అమెరికా తొలి ఇద్దరు అధ్యక్షులు నివసించిన ఇంటి స్థలం ఉంది. 1790 నుంచి 1800 వరకు దేశ రాజధాని ఫిలడెల్ఫియాయే. జార్జి వాషింగ్టన్ ఆ ఇంట్లో తొమ్మిది మంది బానిసల చేత చాకిరీ చేయించుకున్నాడు. వాళ్ళలో ఓనీ జడ్జ్ అనే యువతి 1796 మే నెలలో, ఇంట్లోవాళ్ళు భోజనం చేస్తుండగా తప్పించుకుని ఓడ ఎక్కి న్యూహాంప్‌షైర్ చేరింది. ఆమెను పట్టి తెప్పించాలని వాషింగ్టన్ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. 1848లో చనిపోయేదాకా అక్కడే బతికింది. కథల మంత్రి ఈ కథను అక్కడే నిలబడి తెలుగులో చెప్పాడు.

ఆ తరువాత 2:30కి ఇండిపెండెన్స్ హాల్. స్వాతంత్ర్య ప్రకటనను 1776లో ఆమోదించిందీ, రాజ్యాంగం మీద 1787 సెప్టెంబరు 17న సంతకాలు చేసిందీ ఒకే గదిలో. గది చిన్నదే. వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ వీపు మీద సగం సూర్యుడి బొమ్మ చెక్కి ఉంది. అది ఉదయించే సూర్యుడో అస్తమించే సూర్యుడో తేల్చుకోలేకపోయానని, సంతకాలయ్యాక ఉదయించే సూర్యుడేనని తెలిసిందని ముసలి ఫ్రాంక్లిన్ అన్నాడట.

అమెరికా రాజ్యాంగం మొదలయ్యే మాట "వి". బయటికి వచ్చాక పచ్చిక మీద కూర్చుని పిల్లలను అడిగాం: "ఆ మాటను తెలుగులోకి తేవాలంటే మేము అంటారా, మనం అంటారా?" చాలామంది "మనం" అన్నారు. ఒక అమ్మాయి మాత్రం ఆలోచించి, "ఓనీ జడ్జ్ ఆ మాటలో ఉందా?" అని అడిగింది.

లేదు. ఆ రోజు ఆ గదిలో ఆమె లేదు, ఆ మాటలోనూ లేదు. బానిసత్వాన్ని రద్దు చేసిన సవరణ 1865లో గాని రాలేదు. స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చిన సవరణ 1920లో వచ్చింది. ఆ మాటలో మనవాళ్ళూ చాలాకాలం లేరు. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం వేసిన దావాలో భారతీయులు ఈ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో వచ్చిన చట్టంతో గాని తెరుచుకోలేదు. "అంటే వాళ్ళు రాసింది మేము. తరువాతివాళ్ళు దాన్ని మనం చేసుకుంటూ వచ్చారు" అన్నారు తాతయ్య. పిల్లలకు ఎంతవరకు అర్థమైందో మాకు తెలియదు. ఆ పచ్చిక మీద కూర్చున్న పెద్దలం మాత్రం చాలాసేపు మాట్లాడుకోలేదు.

రెండో రోజు: రాతి మండపం

సిటీ హాల్ నుంచి ఆర్ట్ మ్యూజియానికి వెళ్ళే పార్క్‌వే చదరంగం గళ్ళను లెక్కచెయ్యకుండా ఏటవాలుగా వాయవ్యానికి పోతుంది. "వాయవ్యం" అనే మాట పిల్లలకు ఇక మరిచిపోయే మాట కాదు. తాతయ్యను, అమ్మమ్మను బస్సులో పంపించి మేము నడిచాం. దారిలో కనిపించిన గోడ బొమ్మలను చిత్రాల మంత్రి లెక్కపెట్టాడు. గోడల మీద పిచ్చిగీతలు గీసే కుర్రాళ్ళ చేతికి కుంచెలిచ్చి 1984లో మొదలుపెట్టిన పని, ఇప్పుడు ఆ ఊరికే పేరు తెచ్చింది. ఈ బొమ్మలు చూడటానికి టిక్కెట్ లేదు కాబట్టి పద్దుల మంత్రికి ఇవంటే ప్రాణం.

మ్యూజియం ముందు 72 మెట్లు. 1976లో వచ్చిన "రాకీ" సినిమాలో పరుగెత్తిన మెట్లు అవే. పిల్లలు నాలుగుసార్లు ఎక్కి దిగారు. ఓర్లాండోలో వినిపించే కేరింతలే ఇక్కడా వినిపించాయి. లోపల పిల్లలకు ప్రవేశం ఉచితం. వారంలో కొన్ని రోజులు సెలవు కాబట్టి ముందే చూసుకోవాలి.

మేము ముఖ్యంగా వెళ్ళింది అక్కడి దక్షిణ భారత ఆలయ మండపం కోసం. సుమారు 1560 నాటి మదురై మండపం. మునులు, దేవతలు, జంతువులు చెక్కిన గ్రానైట్ స్తంభాలు. అడలీన్ పెప్పర్ గిబ్సన్ అనే ఫిలడెల్ఫియా స్త్రీ 1912లో మదురైలో ఆలయం దగ్గర పడి ఉన్న ఈ రాళ్ళను కొన్నారు. 1919లో ఆమె మరణించాక కుటుంబంవారు మ్యూజియానికి ఇచ్చారు. ఆ కాలంలో మదురైని పాలించిన నాయక రాజులు విజయనగరం తరఫున వెళ్ళిన తెలుగువారు. వాళ్ళ కొలువులో తెలుగు కవులు ఉండేవారు.

అమ్మమ్మ గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విప్పబోయారు. మనవరాలు చెవిలో ఏదో చెప్పింది. సరేనని లోపలికి వచ్చి, చాలాసేపు చూసి, "దీపం లేదేమే?" అన్నారు. "మ్యూజియం కదా అమ్మమ్మా." "వీళ్ళ ఊరివాళ్ళు వీళ్ళని వెతుక్కోరూ?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. రాళ్ళను కొన్నారని చెప్పాం. అమ్మవలసినవాళ్ళే అమ్మారా అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న అని చెప్పి, వచ్చే ఏడాది చర్చకు రాసుకున్నాం.

మూడో రోజు పద్దు చూస్తే అనుకోని ఖర్చులకు పెట్టుకున్న దాంట్లో కుటుంబానికి 35 డాలర్లు మిగిలాయి. వాటితో ఏం చేయాలో పిల్లలనే తేల్చుకోమన్నాం. గుండెకు సరిపోవని వాళ్ళకి తెలుసు. మళ్ళీ మార్కెట్‌కు వెళ్ళి అందరికీ ఐస్‌క్రీం కొన్నారు. మిగిలిన చిల్లరను వచ్చే ఏటి ప్రయాణానికి డబ్బాలో వేశారు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

రోజుకు రెండు పెద్ద చోట్లు చాలు. మేము మొదటి రోజు నాలుగు పెట్టుకుని పెద్దవాళ్ళను అలసిపోయేలా చేశాం. అందరిలో నెమ్మదిగా నడిచేవారి అడుగును బట్టి దూరాలు లెక్కవేయండి. ప్రతి గుమ్మం దగ్గరా తలలు లెక్కపెట్టే పని ఒక్కరికి అప్పగించండి. పెద్దవాళ్ళ జేబులో ఫోను, హోటల్ చిరునామా రాసిన కాగితం రెండూ ఉండాలి. పిల్లలు తెలుగులో తడుముకుంటూ దారి చెబుతుంటే తొందరపడి ఇంగ్లీషులో అందించకండి. ఒక కూడలి దాటిపోయినా నష్టం లేదు, వెనక్కి రావచ్చు.

కొత్త మాటలు

కూడలి: నాలుగు వీధులు కలిసే చోటు
విడిది: ప్రయాణంలో బస చేసే చోటు
పద్దు: రాబడి, ఖర్చుల లెక్క
హద్దు: దాటకూడని గీత
ఒడంబడిక: ఇరువైపులవారు ఒప్పుకున్న మాట
కంచరి: కంచు, ఇత్తడి సామాను చేసేవాడు
నాలుగు మూలలు: ఈశాన్యం (ఉత్తరం, తూర్పుల మధ్య), ఆగ్నేయం (తూర్పు, దక్షిణాల మధ్య), నైరుతి (దక్షిణం, పడమరల మధ్య), వాయవ్యం (పడమర, ఉత్తరాల మధ్య)

అభ్యాసం

1. "దాం" చేర్చి రాయండి: వెళ్ళు – వెళ్దాం, చూడు –......; తిను – ......; అడుగు – ......; కూర్చో – ......; పంచుకో – .......

2. ఖాళీలో మేము రాయాలా, మనం రాయాలా? ఎందుకో చెప్పండి.
"టీచర్‌గారూ, నిన్న ...... సినిమాకి వెళ్ళాం, మీరు రాలేదేం?"
"తాతయ్యా, ...... ఇద్దరం పార్కుకి వెళ్దామా?"
"అమ్మా, ...... బయట ఆడుకుంటాం, నువ్వు పడుకో."

3. మీరు పన్నెండో వీధిలో ఉన్నారు. ఆరో వీధికి వెళ్ళాలి. ఏ దిక్కుకు నడవాలి? ఎన్ని వీధులు దాటాలి? పటం గీసి చూపండి.

4. మీ ఇంటి నుంచి మన బడికి దారిని ఎడమ, కుడి అనకుండా దిక్కులతో మాత్రమే చెప్పండి. ఇంట్లో పెద్దవారిని సహాయం అడగండి.

5. మీ తరగతిలో అందరూ వెళ్ళగలిగిన ఊరు ఒకటి ఎన్నుకోండి. చీటీలు వేసి హద్దు కనుక్కోండి. ఎనిమిది వాక్యాల్లో ప్రయాణం రాయండి. ప్రతి వాక్యం "మనం"తో మొదలుపెట్టండి.